విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో కనిపించని ఖాళీలు

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉద్యోగాలు రెండు శ్రేణులుగా ఉంటాయి. పై శ్రేణిలో అసిస్టెంట్ లైబ్రేరియన్, డిప్యూటీ లైబ్రేరియన్, యూనివర్సిటీ లైబ్రేరియన్. వీరి అర్హతలు, వేతనాలు, ఎంపిక పద్ధతి యూజీసీ నిబంధనల కిందికి వస్తాయి. హోదాలో వీరు అసిస్టెంట్ ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్‌లకు దాదాపు సాటి. కింది శ్రేణిలో ప్రొఫెషనల్ అసిస్టెంట్, సెమీ ప్రొఫెషనల్ అసిస్టెంట్, లైబ్రరీ అసిస్టెంట్, లైబ్రరీ అటెండెంట్. వీరంతా బోధనేతర సిబ్బంది. ఇవి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో వాడే పేర్లు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పేర్లు కొంత మారినా అమరిక ఇంచుమించు ఇదే. పై శ్రేణిని అధ్యాపకులు తమవాళ్లనుకోరు, కింది శ్రేణిని ఉద్యోగ సంఘాలు పెద్దగా పట్టించుకోవు. ఖాళీల గురించి మాట్లాడేటప్పుడు ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఈ మధ్యస్థ స్థితినే.

అర్హతల విషయంలో అస్పష్టత ఏమీ లేదు. 2018 జులైలో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం అసిస్టెంట్ లైబ్రేరియన్ కావాలంటే లైబ్రరీ సైన్సులో 55 శాతం మార్కులతో పీజీ, ఆపైన నెట్ లేదా సెట్ ఉండాలి. గ్రంథాలయ కంప్యూటరీకరణ తెలిసి ఉండాలి. నిర్దేశిత పద్ధతిలో పీహెచ్‌డీ చేసినవారికి నెట్ మినహాయింపు ఉంది. డిప్యూటీ లైబ్రేరియన్‌కు పీహెచ్‌డీ, అసిస్టెంట్ లైబ్రేరియన్‌గానో కాలేజీ లైబ్రేరియన్‌గానో ఎనిమిదేళ్ల అనుభవం అవసరం. యూనివర్సిటీ లైబ్రేరియన్‌కు పీహెచ్‌డీతో పాటు పదేళ్ల అనుభవం కావాలి. ఏడో వేతన సంఘం లెక్కన అసిస్టెంట్ లైబ్రేరియన్ ప్రారంభ మూలవేతనం 57,700 రూపాయలు, యూనివర్సిటీ లైబ్రేరియన్‌ది 1,44,200. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెషనల్ అసిస్టెంట్ 35,400తో, లైబ్రరీ అటెండెంట్ 18,000తో మొదలవుతారు. ఇంటర్వ్యూ కమిటీలు కూడా బోధనా పోస్టులకు ఉన్నవే. కాకపోతే నిపుణుల్లో ఒకరు పనిచేస్తున్న లైబ్రేరియన్ అయి ఉండాలి. అంటే కాగితం మీద ఈ ఉద్యోగానికి గౌరవం, జీతం రెండూ ఉన్నాయి. కొరవడింది నోటిఫికేషనే.

అధ్యాపకుడు లేని తరగతి గదిని దాచడం కష్టం. విద్యార్థులు ధర్నాకు దిగుతారు, పత్రికల్లో వార్త వస్తుంది, వైస్ ఛాన్సలర్ ఛాంబర్ ముందు నినాదాలు మోగుతాయి. గ్రంథాలయంలో కేటలాగర్ పోస్టు పదేళ్లు ఖాళీగా ఉన్నా ఎవరూ ధర్నా చేయరు. తలుపులు తెరిచే ఉంటాయి, లైట్లు వెలుగుతుంటాయి, కుర్చీలు నిండే ఉంటాయి. కొత్త పుస్తకాల కట్టలు ఒక గదిలో పేరుకుపోతున్న సంగతి ఆ గది తాళం దగ్గరున్నవారికే తెలుస్తుంది. నష్టం నెమ్మదిగా, చప్పుడు లేకుండా జరుగుతుంది. అందుకే డబ్బుకు కటకట వచ్చినప్పుడు పాలకవర్గాలు ముందుగా చెయ్యి పెట్టేది ఈ పోస్టుల మీదే.

ఈ కుర్చీలు నింపేవారెవరో చూస్తే పరిస్థితిలోని వైపరీత్యం ఇంకా బాగా తెలుస్తుంది. ఉస్మానియా మొదలుకొని రెండు తెలుగు రాష్ట్రాల్లోని ఏ పెద్ద విశ్వవిద్యాలయ గ్రంథాలయ పఠన మందిరంలోకి వెళ్లినా ఒకటే దృశ్యం. బల్ల మీద గ్రూప్స్ మెటీరియల్, స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్సు నోట్సు, కరెంట్ అఫైర్స్ మాసపత్రిక, నీళ్ల సీసా, ఛార్జింగ్‌కు పెట్టిన ఫోను. కుర్చీ మీద ఇంటి నుంచి తెచ్చుకున్న మెత్త. గ్రంథాలయంలోని పుస్తకం ఒక్కటీ ఆ బల్ల మీద ఉండదు. ఉద్యోగ ప్రకటనల కోసం ఎదురుచూసే వేలమందికి చోటిచ్చే ఆ భవనం తన ఉద్యోగాలకు మాత్రం ప్రకటన ఇవ్వలేకపోతోంది. పాలకులు పఠన మందిరంలో నిండిన సీట్ల లెక్క చూసి గ్రంథాలయం దివ్యంగా నడుస్తోందని అనుకుంటారు. నిజానికి అక్కడ నడుస్తున్నది చదువుకునే హాలు. గ్రంథాలయం పక్క గదుల్లో మూతపడుతోంది.

శిక్షణ పొందినవారు దొరక్కపోవడం వల్ల ఈ స్థితి వచ్చిందనడానికి వీల్లేదు. ఒకప్పుడు ఆ ఇబ్బంది నిజంగానే ఉండేది. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం తన మొదటి లైబ్రేరియన్‌గా ప్రెసిడెన్సీ కళాశాల గణిత ఉపాధ్యాయుడైన ఎస్.ఆర్.రంగనాథన్‌ను తీసుకుంది. గ్రంథాలయ శాస్త్రంలో ఆయనకు అప్పటికి ఏ శిక్షణా లేదు. కొద్దిరోజులకే విసుగు పుట్టి తిరిగి పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లిపోతానన్నాడు. విశ్వవిద్యాలయం ఆయన్ని లండన్ పంపి శిక్షణ ఇప్పించింది. భారతదేశంలో గ్రంథాలయ శాస్త్రం నిలదొక్కుకున్నది ఒక విశ్వవిద్యాలయం ఒక పోస్టు మీద పెట్టిన ఖర్చుతోనే. ఆ తరవాత పదేళ్లకే, 1935లో, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం లైబ్రరీ సైన్సు కోర్సు ప్రారంభించింది. దేశంలో ఈ శాస్త్రాన్ని బోధించిన తొలి విశ్వవిద్యాలయాల్లో అది ఒకటి. 1959లో ఉస్మానియా అందుకుంది. అయ్యంకి వెంకటరమణయ్య గ్రంథాలయోద్యమం, విజయవాడలో పాతూరి నాగభూషణం నడిపిన శిక్షణ తరగతులు ఊళ్లలోని గ్రంథాలయాలకు పనివాళ్లను తయారుచేశాయి. ఇప్పుడు విశ్వవిద్యాలయ శాఖలకు తోడు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో దూరవిద్యలో బీఎల్ఐఎస్సీ, ఎంఎల్ఐఎస్సీ పట్టాలిస్తున్నాయి. చదువు చెప్పే శాఖ ఒక భవనంలో, ఆ చదువుకు పని చూపాల్సిన గ్రంథాలయం పక్క భవనంలో ఉన్న విశ్వవిద్యాలయాల్లోనే ఈ పట్టాదారులకు చోటు లేకపోవడం వింత.

ఒక గ్రంథాలయానికి ఎంతమంది కావాలన్న ప్రశ్నకు అరవై ఏళ్ల కిందటే లెక్క కట్టిన సమాధానం ఉంది. 1957లో యూజీసీ రంగనాథన్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1959 నాటి ఆ కమిటీ నివేదిక సిబ్బంది సంఖ్యను అధికారుల ఇష్టాయిష్టాలకు వదలకుండా పని పరిమాణానికి ముడిపెట్టింది. ఏడాదికి చేరే ప్రతి 6,000 సంపుటాలకు పుస్తకాల కొనుగోలు విభాగంలో ఒకరు, నిర్వహణ విభాగంలో ఒకరు. ప్రతి 2,000 సంపుటాల వర్గీకరణకు, సూచీకరణకు ఒకరు. తెప్పించే ప్రతి 500 పత్రికలకు ఒకరు. రోజుకు ప్రతి 50 మంది పాఠకుల సందేహాలు తీర్చడానికి ఒకరు. ఒక కౌంటరును 1,500 గంటలు తెరిచి ఉంచడానికి ఒకరు. గ్రంథాలయంలోని ప్రతి లక్ష సంపుటాల నిర్వహణకు ఒకరు, రోజూ తిరిగి అరల్లో సర్దే ప్రతి 500 పుస్తకాలకు మరొకరు. చివరికి దుమ్ము దులిపే పనికి కూడా 30,000 సంపుటాలకు ఒకరి చొప్పున లెక్క ఉంది.

ఈ సూత్రాన్ని ఒక ఊహా గ్రంథాలయానికి అన్వయించి చూడవచ్చు. నాలుగు లక్షల సంపుటాలు, ఏటా 6,000 కొత్త పుస్తకాలు, 300 పత్రికలు, రోజుకు 1,000 పుస్తకాలు తిరిగి అరల్లోకి, 150 మంది సందేహార్థులు, రోజుకు 14 గంటల చొప్పున ఏడాదిలో 340 రోజులు తెరిచే రెండు కౌంటర్లు ఉన్నాయనుకుందాం. కొనుగోలుకు ఒకరు, సాంకేతిక పనికి ముగ్గురు, పత్రికలకు ఒకరు, నిర్వహణకు ఏడుగురు, సంప్రదింపు విభాగానికి ముగ్గురు కావాలి. రెండు కౌంటర్లూ కలిపి ఏడాదికి 9,520 గంటలు తెరిచి ఉంటాయి కాబట్టి అక్కడ ఆరుగురికి తక్కువ కుదరదు. లైబ్రేరియన్, డిప్యూటీ లైబ్రేరియన్, కమిటీ చెప్పిన ముగ్గురు కార్యాలయ సిబ్బంది కలిస్తే మొత్తం 26 మంది. శుభ్రం చేసే పదమూడు మంది, అటెండర్లు ఇందులో లేరు. కార్డు కేటలాగుల కాలం నాటి ఈ సూత్రం ఇప్పటికి అచ్చంగా సరిపోదు. బార్‌కోడు, ఆర్‌ఎఫ్‌ఐడీ వచ్చాక కౌంటరు పని తగ్గింది, పత్రికలు తెరమీదికి మారాయి. అయితే తగ్గిన పనిని తీసేసి, పెరిగిన పనిని కలిపి కొత్త లెక్క కట్టే ప్రయత్నం జరగనే లేదు. ఎప్పుడో మంజూరైన పోస్టుల పట్టికలో పదవీ విరమణలు పోగా మిగిలినవాళ్లే సిబ్బంది. పని ఎంతో తేల్చకుండా మనుషుల్ని తగ్గించుకుంటూ పోవడాన్ని సంస్కరణ అనలేం.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని చాలామంది గమనించరు. గ్రంథాలయ పోస్టుల్లో ఒక మెట్టు ఖాళీ అయితే పై మెట్లన్నీ కాలక్రమంలో ఖాళీ అవుతాయి. డిప్యూటీ లైబ్రేరియన్‌కు ఎనిమిదేళ్ల అసిస్టెంట్ లైబ్రేరియన్ అనుభవం కావాలని నిబంధన. ఒక రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలు ఇరవై ఏళ్లపాటు అసిస్టెంట్ లైబ్రేరియన్లను తీసుకోకపోతే, ఇరవై ఒకటో ఏట డిప్యూటీ పోస్టుకు ప్రకటన ఇచ్చినా ఆ అనుభవం ఉన్నవాళ్లు ఎక్కడినుంచి వస్తారు? దరఖాస్తులు వస్తాయి, ఇంటర్వ్యూ జరుగుతుంది, తగినవారు దొరకలేదని ఫైలు మూసేస్తారు. అభ్యర్థుల్లో నాణ్యత లేదన్న మాట అలా పుడుతుంది. నాణ్యత పెరగాల్సిన చోటును ఎవరు మూసేశారన్నది ఆ ఫైల్లో ఉండదు. యూనివర్సిటీ లైబ్రేరియన్ పోస్టుకూ ఇదే గతి. పైగా అది సంస్థలో ఒక్కటే ఉండే పోస్టు. ఏకైక పోస్టుకు రిజర్వేషన్ వర్తించదని 1998లో సుప్రీంకోర్టు చండీగఢ్ పీజీఐ కేసులో తేల్చింది కాబట్టి రోస్టర్ తగాదాను సాకుగా చూపే వీలు కూడా లేదు. అయినా సంవత్సరాల తరబడి ఆ కుర్చీలో ఇన్‌ఛార్జిలే కూర్చుంటున్నారు.

ఇన్‌ఛార్జి లైబ్రేరియన్ అంటే సాధారణంగా ఏదో శాఖకు చెందిన ప్రొఫెసర్. తన తరగతులు, పరిశోధక విద్యార్థులు, మరో రెండు అదనపు బాధ్యతలు చూసుకుని మిగిలిన సమయంలో గ్రంథాలయ ఫైళ్ల మీద సంతకాలు చేస్తారు. వారిలో శ్రద్ధగలవారు లేకపోలేదు. కొందరి హయాంలో పఠన మందిరాలు బాగుపడ్డాయి కూడా. కానీ వర్గీకరణ పద్ధతి మార్చాలా, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, పాత పత్రికల సంపుటాల్లో వేటిని ఉంచి వేటిని తీసేయాలి వంటి నిర్ణయాలు ఆరు నెలల్లో వెళ్లిపోయే మనిషి తీసుకోడు. తీసుకోకూడదు కూడా. ఫలితంగా ఇవన్నీ వాయిదా పడతాయి. కర్ర విరగదు, పాము చావదు.

పుస్తకాల బాధ్యత అన్నది ఇక్కడే బిగుసుకుంటుంది. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి ప్రకారం 50,000 దాటిన సంపుటాలున్న గ్రంథాలయంలో మూడేళ్లకోసారి నమూనా పద్ధతిలోనైనా తనిఖీ జరగాలి. చదువుకోవడానికి ఇచ్చిన ప్రతి వెయ్యి సంపుటాలకు ఏడాదికి ఐదు పోవడం సహజ నష్టమేనని అదే నియమావళి ఒప్పుకుంటుంది, అందులో నిజాయతీలోపమో అశ్రద్ధో లేనంతవరకు. ఇంత సడలింపు ఉన్నా తనిఖీ చేసి సంతకం పెట్టే శాశ్వత ఉద్యోగి లేకపోతే ఎవరూ ముందుకు రారు. ఇన్‌ఛార్జి తన పేరున పోయిన పుస్తకాల జాబితా రాయించుకోడు. పొరుగు సేవల కింద వచ్చిన కుర్రాడికి ఆ అధికారం లేదు. చివరికి అందరికీ సులువైన మార్గం ఒకటే, బీరువాకు తాళం. అరుదైన పుస్తకాల విభాగం, తాళపత్రాలు, పాత పత్రికల సంపుటాలు ‘సిబ్బంది లేక’ మూసి ఉన్నాయంటే దాని అసలు అర్థం సంతకం చేసే చెయ్యి లేదనే.

కింది శ్రేణిలో ఖాళీలను పొరుగు సేవలతో నింపడం ఇప్పుడు మామూలైంది. ఏజెన్సీల ద్వారానో, ఆంధ్రప్రదేశ్‌లో ఆప్కాస్ వంటి ప్రభుత్వ సంస్థ ద్వారానో వచ్చినవారు కౌంటర్లు నడుపుతున్నారు, పుస్తకాలు సర్దుతున్నారు, నో డ్యూస్ పత్రాలు రాస్తున్నారు. వీరిలో ఎంఎల్ఐఎస్సీ చదివి నెట్ పాసైనవారు కూడా కనిపిస్తారు. శుభ్రత, కాపలా వంటి పనులకు ఈ పద్ధతి చెల్లుతుందేమో గానీ, గ్రంథాలయ జ్ఞాపకశక్తిగా ఉండాల్సిన పనులకు చెల్లదు. ఏ పుస్తకం ఏ అరలో ఉందో కంప్యూటరు చెబుతుంది. ఫలానా పత్రిక 1950ల సంపుటాలు బైండింగుకు వెళ్లి ఏ గదిలో ఆగిపోయాయో పదిహేనేళ్లు అక్కడే పనిచేసిన మనిషే చెప్పగలడు. ఏడాదికోసారి కాంట్రాక్టు మారే చోట ఆ మనిషి తయారుకాడు.

శాశ్వత ఉద్యోగుల్లోనూ మధ్య మెట్టు దగ్గర దారి మూసుకుపోయింది. ప్రొఫెషనల్ అసిస్టెంటుగా చేరిన వ్యక్తికి ఎంఎల్ఐఎస్సీ ఉన్నా, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా పదోన్నతి సాధారణంగా ఉండదు. అది నెట్ ఉన్నవారికి బహిరంగ నియామకం. పదేళ్లకోసారి వచ్చే ఆర్థిక ప్రయోజనంతో సరిపెట్టుకుని అదే బల్ల దగ్గర రిటైరవ్వాలి. పక్కనే పాతికేళ్ల వయసులో నేరుగా చేరిన అసిస్టెంట్ లైబ్రేరియన్‌కు పని నేర్పేది కూడా చాలాసార్లు ఇతనే. సిబ్బందికి తగిన ఉద్యోగ సోపానం ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం గ్రంథాలయాల గురించి ప్రత్యేకంగా చెప్పింది. ఆ మాట నియమావళిలోకి ఇంకా దిగిరాలేదు.

ఇంత చెప్పినా, పుస్తకాలన్నీ ఫోన్లోకి వచ్చేశాక ఇంతమంది ఎందుకని అడిగేవాళ్లు ఆర్థిక శాఖల్లో తక్కువేమీ కాదు. వారి చేతికి కొత్త ఆయుధం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకం 2025 జనవరి నుంచి అమలవుతోంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పరిశోధన పత్రికలు, 6,300కు పైగా సంస్థలు. పథకం మంచిదే, చందాల కోసం ఒక్కో విశ్వవిద్యాలయం విడివిడిగా బేరమాడే అవస్థ తప్పింది. కానీ దీనివల్ల తగ్గేది కొనుగోలు పనే. పల్లె నుంచి వచ్చి పీజీలో చేరిన విద్యార్థికి ఆ 13,000 పత్రికల్లో తనకు కావాల్సిన వ్యాసాన్ని వెతుక్కోవడం, హాస్టల్ నుంచి లాగిన్ కావడం, మంచి పత్రికకూ డబ్బులకు అచ్చేసే బోగస్ పత్రికకూ తేడా కనిపెట్టడం ఎవరో నేర్పాలి. ఆ ‘ఎవరో’ పోస్టుకే నోటిఫికేషన్ లేదు.

పైగా కొత్త పనులు వరసగా వచ్చిపడుతున్నాయి. ప్రతి పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్నీ ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో చేర్చాలి. ప్రతి సిద్ధాంత గ్రంథానికీ కాపీ పరీక్ష జరగాలి. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, దాటితే తీవ్రతను బట్టి దిద్దుబాటు నుంచి రిజిస్ట్రేషన్ రద్దు దాకా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెలో ఉల్లేఖనలెంత, గ్రంథసూచి ఎంత, నిజంగా ఎత్తిరాసిందెంత అని విడదీసి చూడాల్సింది గ్రంథాలయంలోని మనిషి. ఒక పరిశోధకుడి భవిష్యత్తు ఆధారపడిన ఈ పనిని చాలాచోట్ల తాత్కాలిక ఉద్యోగి ఒక్కరే చూస్తున్నారంటే ఆందోళన కలగాలి.

తెలుగు పుస్తకాల సంగతికొస్తే ఏ దేశవ్యాప్త చందా కూడా ఆదుకోదు. ఒక తెలుగు నవల గ్రంథాలయంలోకి వచ్చాక జరిగే పని చూడాలి. బిల్లు సరిచూసి, యాక్సెషన్ నంబరు వేసి, ముద్ర కొట్టి, వర్గ సంఖ్య ఇవ్వాలి. డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827, కాల్పనిక సాహిత్యమైతే దాని చివర 3 చేరుతుంది. ఇంతవరకు యంత్రం సాయం చేస్తుంది. తరవాత రచయిత పేరు దగ్గర అసలు కష్టం. రాచకొండ విశ్వనాథశాస్త్రిని ఇంటిపేరు కింద పెట్టాలా, విశ్వనాథశాస్త్రి అని పెట్టాలా, పాఠకులందరికీ తెలిసిన రావిశాస్త్రి అనే పెట్టాలా? ఇంగ్లిషు అక్షరాల్లోకి మార్చేటప్పుడు శాస్త్రికి ఒకరు చివర ‘ఐ’ పెడతారు, ఇంకొకరు ‘వై’ పెడతారు, మరొకరు మధ్యలో ‘హెచ్’ చేరుస్తారు. ఒకే రచయిత కేటలాగులో ఐదారుగురు మనుషులైపోతాడు. విద్యార్థి ఒక పేరుతో వెతికితే రెండు పుస్తకాలు కనిపిస్తాయి, మిగతావి అరలోనే ఉన్నా లేనట్టే. ఈ పేర్లన్నిటినీ ఒకచోట కలిపే పనికి లైబ్రరీ సైన్సుతో పాటు తెలుగు సాహిత్యం కూడా తెలిసిన కేటలాగర్ కావాలి. 1960ల నుంచి పీఎల్-480 పథకం కింద, ఆ తరవాత లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం ద్వారా తెలుగు పుస్తకాలు అమెరికా విశ్వవిద్యాలయాలకు వెళుతున్నాయి. షికాగో, విస్కాన్సిన్ వంటి చోట్ల దక్షిణాసియా పుస్తకాలకే ప్రత్యేకంగా లైబ్రేరియన్లున్నారు. తెలుగు పుస్తకం వివరాలు సరిచూసుకోవడానికి తెలుగు పరిశోధకుడు సముద్రాలవతలి కేటలాగు తెరవాల్సి రావడం గర్వపడాల్సిన విషయం కాదు.

పాలకవర్గాలు ఈ ఖాళీల జోలికి ఎందుకు పోవంటే, పోకపోయినా వారికి కలిగే నష్టం స్వల్పం. న్యాక్ మూల్యాంకనంలో 1,000 మార్కులకు గ్రంథాలయానిది 20. ఆ ఇరవైలో కూడా ఆటోమేషన్, చందాలు, ఖర్చు చూసేవే ఎక్కువ. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో అధ్యాపక, విద్యార్థి నిష్పత్తికి మార్కులున్నాయి, అందులో శాశ్వత అధ్యాపకులకే ప్రాధాన్యం. ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను తీసుకుంటే ర్యాంకు కదులుతుంది, అదే జీతానికి అసిస్టెంట్ లైబ్రేరియన్‌ను తీసుకుంటే కదలదు. గ్రంథాలయం విశ్వవిద్యాలయానికి హృదయమని స్నాతకోత్సవ ప్రసంగాల్లో చెప్పుకునే మాటకు మార్కులు లేవు. నలభైల చివర్లో ఏర్పడిన రాధాకృష్ణన్ కమిషన్ ఒక్కో విద్యార్థికి గ్రంథాలయంపై 40 రూపాయలు ఖర్చు పెట్టాలని సూచించింది. ఆ కాలానికి అది చిన్న మొత్తం కాదు. కమిషన్ అధ్యక్షుడు అంతకుముందు ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్, లైబ్రరీ సైన్సు కోర్సు మొదలైంది ఆయన హయాంలోనే.

రెండు తెలుగు రాష్ట్రాల్లో నియామకాల కథ కోర్టులు, బిల్లుల చుట్టూ తిరుగుతోంది. తెలంగాణలో విశ్వవిద్యాలయాలన్నిటికీ ఉమ్మడి నియామక బోర్డు కోసం 2022 సెప్టెంబరులో శాసనసభ ఆమోదించిన బిల్లు అమల్లోకి రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 చివర్లో ప్రకటించిన 3,220 బోధనా పోస్టుల ప్రక్రియ ముందుకు సాగలేదు. ఈ రెండు సందర్భాల్లోనూ చర్చంతా అధ్యాపకుల చుట్టూనే నడిచింది. లైబ్రేరియన్ల ఊసు పక్కవాక్యంగా కూడా రాలేదు. పాఠశాల, కాలేజీ స్థాయిలో మాత్రం కొంత కదలిక ఉంది. తెలంగాణ గురుకుల నియామక బోర్డు 2023లో ఒక్క ప్రకటనతో గురుకుల పాఠశాలలకు 434 లైబ్రేరియన్ పోస్టులు ప్రకటించింది. ఇంటర్మీడియెట్, సాంకేతిక విద్యా శాఖల్లో 71 లైబ్రేరియన్ పోస్టులకు అంతకుముందు ఏడాది టీఎస్‌పీఎస్సీ ప్రకటన వెలువడింది. గురుకులంలోని ఆరో తరగతి పిల్లలకు లైబ్రేరియన్ అవసరమని గుర్తించిన ప్రభుత్వాలు పరిశోధక విద్యార్థికి అక్కర్లేదనుకోవడంలో ఏ తర్కమూ కనిపించదు.

ఈ రంగంలో ఉద్యోగం కోరేవారు కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రకటనల మీద కన్నేయడం మేలు. బోధనా నియామకాల కోసం యూజీసీ 2023 మేలో ప్రారంభించిన సీయూ-చయన్ పోర్టల్‌నూ, ఆయా సంస్థల వెబ్‌సైట్లనూ చూస్తుండాలి. పట్టా ఒక్కటే చాలదు. కోహా వంటి గ్రంథాలయ సాఫ్ట్‌వేరు, మార్క్-21 నమూనాలో రికార్డు రాయడం, డీస్పేస్‌లో భాండాగారం నిర్వహణ, యూనికోడ్ తెలుగు టైపింగ్ చేతిలో ఉన్నవారికి ఇంటర్వ్యూలోనూ, ఆ తరవాత పనిలోనూ తేడా కనిపిస్తుంది. దూరవిద్యలో చదివినవారు ఏదైనా పెద్ద గ్రంథాలయంలో కొన్ని నెలలు అప్రెంటిస్‌గా పనిచేయకుండా దరఖాస్తు చేస్తే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

చేయాల్సినవి పెద్ద పనులేం కావు. రంగనాథన్ సూత్రాన్ని ఇప్పటి పనులకు తగ్గట్టు సవరించి ప్రతి విశ్వవిద్యాలయం తన గ్రంథాలయానికి ఎందరు కావాలో తేల్చాలి. ఆ సంఖ్యనూ, ఖాళీలనూ ఏటా వార్షిక నివేదికలో అచ్చేయాలి. నియామకాలు కింది నుంచి, అంటే అసిస్టెంట్ లైబ్రేరియన్లతో మొదలుపెట్టాలి. పై పోస్టులకు ఎనిమిదేళ్ల తరవాతైనా అర్హులు దొరకాలంటే ఇదొక్కటే దారి. ఆ పోస్టుల్లో కొంత వాటాను నెట్ అర్హత ఉన్న ప్రొఫెషనల్ అసిస్టెంట్లకు కేటాయించాలి. ఎంపికలో గంటసేపు కేటలాగింగ్ ప్రయోగ పరీక్ష పెడితే సిఫార్సులకు సగం తెరపడుతుంది. ఇన్‌ఛార్జి ఏర్పాటు ఆరు నెలలు దాటితే పాలకమండలి ముందు కారణం చెప్పాలన్న నియమం ఉండాలి.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. పాలకమండలి తీర్మానం, ఆర్థిక శాఖ అనుమతి చాలు. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు తదుపరి అధ్యాపక నియామకాల ప్రకటన సిద్ధం చేసేటప్పుడు అదే ప్రకటనలో, అదే రోస్టర్ కసరత్తుతో, అసిస్టెంట్ లైబ్రేరియన్ ఖాళీలను కూడా చేర్చాలి.